హెక్స్: ప్రతి ఎత్తుకీ అడ్డం పెట్టాను, అయినా ఓడిపోయాను. తప్పు ఎక్కడ జరిగింది?

నీలికాయ:

అందరికీ నమస్కారం. హెక్స్ ఆడటం మొదలుపెట్టి మూడు వారాలైంది. నిన్న రాత్రి ఓడిన ఆట ఇంకా మనసులోంచి పోవట్లేదు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసినా నా తప్పు నాకు కనబడట్లేదు. దయచేసి ఎవరైనా చూసి చెప్పండి.

ఆట తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. బోర్డు ఒక పక్కకి వాలిన చతురస్రంలా ఉంటుంది, అందులో తేనెపట్టులాగా ఆరు కోణాల గడులు. నేను ఆడేది 11×11, అంటే 121 గడులు. పైఅంచు, కిందంచు ఎరుపువి. ఎడమంచు, కుడంచు నీలానివి. ఒక్కొక్కరు ఒక్కో కాయ ఖాళీ గడిలో పెడతారు. పెట్టిన కాయ కదలదు, ఎవరూ దాన్ని తీసెయ్యరు. తన రెండు అంచులనీ తన కాయల గొలుసుతో ఎవరు ముందు కలిపితే వాళ్ళు గెలిచినట్టు. రూల్స్ అంతే.

నిలువు వరసలకి ఎ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి, హెచ్, ఐ, జె, కె అని పేర్లు, అడ్డ వరసలకి పైనుంచి 1 నుంచి 11. కింది వరసకి వెళ్ళేకొద్దీ బోర్డు అర గడి కుడికి జరుగుతుంది. కాబట్టి ఎఫ్6 కి కింద ఆనుకుని ఉండేవి ఎఫ్7, ఈ7. పైన ఆనుకుని ఉండేవి ఎఫ్5, జి5. పక్కన ఈ6, జి6.

నిన్నటి ఆటలో నేను నీలం. అవతలివారు ఎరుపుతో సరిగ్గా మధ్యలో ఎఫ్6 పెట్టారు. రంగు మార్చుకుంటారా అని స్క్రీన్ మీద అడిగింది, వద్దన్నాను. వెంటనే దాని కిందే ఎఫ్7 లో అడ్డం పెట్టాను. వాళ్ళు ఈ7. నేను ఈ8. వాళ్ళు డి8. నేను డి9. వాళ్ళు సి9. నేను సి10. వాళ్ళు బి10. నేను బి11. వాళ్ళు ఎ11. కిందంచు అందేసింది. సరే పైవైపైనా ఆపుదామని ఎఫ్5 పెట్టాను. వాళ్ళు జి5. నేను జి4, వాళ్ళు హెచ్4. నేను హెచ్3, వాళ్ళు ఐ3. నేను ఐ2, వాళ్ళు జె2. నేను జె1, వాళ్ళు కె1. ఆట అయిపోయింది.

వాళ్ళవి 11 కాయలు, నావి 10. ప్రతిసారీ వాళ్ళ ముందే నిలబడ్డాను. మరి ఎలా ఓడాను?

దూరపుచూపు:

నీలికాయ గారూ, ఆట మొత్తం రాసి పెట్టినందుకు ధన్యవాదాలు. ఇలా రాసి అడిగితేనే ఏదైనా చెప్పగలం.

జవాబు మీ పోస్టులోనే ఉంది. ఎఫ్6 కి కింద రెండు గడులని మీరే రాశారు. ఎఫ్7, ఈ7. మీరు ఒకటి మూశారు. వాళ్ళు రెండోదాంట్లోకి దిగారు. అక్కడ మళ్ళీ రెండు గడులు, మళ్ళీ మీరు ఒకటే మూశారు. ఇలా మెట్లు దిగినట్టు కిందంచు దాకా దిగిపోయారు. ఆనుకుని పెట్టిన అడ్డం ఎప్పుడూ సగం దారినే మూస్తుంది. మిగతా సగంలోంచి కాయ జారిపోతుంది.

ఇప్పుడు అదే ఆటలో ఎఫ్7 బదులు డి9 లో మీ కాయ ఒకటి ఉందనుకోండి. ఎరుపు ఎఫ్6 నుంచి ఈ8 కి వంతెన వేసింది. వంతెన అంటే ఆనుకోకుండానే కలిసి ఉండటం. ఎఫ్6 కీ ఈ8 కీ మధ్య ఎఫ్7, ఈ7 అని రెండు ఖాళీ గడులున్నాయి. మీరు ఒకటి తీసుకుంటే వాళ్ళు రెండోది తీసుకుంటారు. కాబట్టి అది తెగదు. దాన్ని తెంచాలని చూడకండి. ఈ8 కింద చూడండి: ఈ9, డి9. డి9 ఇప్పటికే మీది. ఇప్పుడు ఎత్తు మీదే, ఈ9 లో పెట్టండి. ఎరుపుకి కిందికి దారి మూసుకుపోయింది. ఇక అది డి8 లోకో ఎఫ్8 లోకో పక్కకి ఒక్కో గడి చొప్పున నడవాలి. అక్కడితో ఆపేసినట్టు కాదు, పోరాటం ఇంకా ఉంది. కానీ మెట్లు దిగటం ఆగింది, వాళ్ళ ప్రతి అడుగుకీ జవాబు చెప్పే తీరిక మీకు దొరికింది.

నా మొదటి సంవత్సరంలో నేనూ ఇలాగే ఆనించి పెట్టేవాణ్ణి. కాయని చూస్తూ ఆడతాం కదా, అందుకే చెయ్యి దాని పక్కకే పోతుంది. కాయని వదిలేసి, అది రెండు మూడు ఎత్తుల తర్వాత ఎక్కడికి చేరుతుందో ఆ చోటు చూడటం అలవాటు చేసుకోవాలి.

నీలికాయ:

దూరపుచూపు గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. కానీ ఒక భయం. అంత దూరంగా పెడితే మధ్యలో దారి వదిలేసినట్టే కదా? వాళ్ళు ఇంకో వైపు తిరిగిపోతే డి9 కాయ వృథా అవదా?

దూరపుచూపు:

వృథా కాకుండా చూసుకోవడమే హెక్స్ అంతా. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ ఆటలో ఎరుపుని పూర్తిగా అడ్డుకోవాలంటే నీలం గొలుసు ఎడమంచు నుంచి కుడంచు దాకా ఉండాల్సిందే. వేరే రకం అడ్డం లేదు. అంటే అడ్డుకోవడం, కలపడం రెండూ ఒకటే పని. అందుకే అడ్డం పెట్టే ప్రతి కాయనీ ‘ఇది నా ఎడమవైపుకో కుడివైపుకో ఏమైనా చేస్తోందా’ అని అడగండి. మీ ఎఫ్7, ఈ8, డి9, సి10, బి11 ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి, అయినా వాళ్ళ గొలుసు పక్కనే దానికి సమాంతరంగా నడిచాయి. అవి ఎడమంచు వైపు వెళ్తున్నట్టు కనబడ్డాయి కానీ ఆఖరి గడి ఎ11 వాళ్ళకి పోయింది.

మూలగడి:

అందరూ డి9 గురించి మాట్లాడుతున్నారు. నా దృష్టిలో ఆట పోయింది అంతకు ముందే, స్క్రీన్ అడిగిన ప్రశ్నకి ‘వద్దు’ అన్నప్పుడే. మధ్యలో ఎఫ్6 చాలా బలమైన ప్రారంభం. దాన్ని అవతలివారికి వదిలేసి నీలంతో ఆడటం పాతవాళ్ళకే కష్టం.

స్వాప్ రూల్ ఎందుకు ఉందంటే, మొదటివాళ్ళు కాయ పెట్టాక రెండోవాళ్ళు ఆ కాయ తమకి కావాలో వద్దో తేల్చుకోవచ్చు. కాబట్టి మొదట పెట్టేవాళ్ళు మరీ మంచి గడి ఎంచుకుంటే అది చేజారిపోతుంది. మరీ చెత్త గడి ఎంచుకుంటే దాంతోనే ఆడాలి. ఒకరు రొట్టె కోసి, రెండోవాళ్ళు ముక్క ఎంచుకున్నట్టు. కోసేవాళ్ళు సమానంగానే కోస్తారు.

మధ్యలో కనబడితే ఆలోచించకుండా మార్చుకోండి. సన్న మూలలు ఎ1, కె11 లాంటి వాటిలో పెడితే మార్చుకోకండి. ఎ1 కి ఆనుకున్న గడులు రెండే. అక్కడ మొదలుపెడితే ఏ సైజు బోర్డులోనైనా ఓటమేనని గణిత శాస్త్రవేత్త అనటోల్ బెక్ నిరూపించారు. ఒకే గడి ఉన్న బోర్డు మాత్రం మినహాయింపు.

సరళరేఖ:

ఇది చదివాక ఒక సందేహం. స్వాప్ లేకపోతే మొదటివాళ్ళదే గెలుపు అంటుంటారు. ఉంటే రెండోవాళ్ళదే గెలుపు అవుతుంది కదా, మంచిదైతే తీసుకుంటారు, కాకపోతే వదిలేస్తారు. మరి ఫలితం ముందే తేలిపోయిన ఆట మీద ఇంత సమయం పెట్టడం ఎందుకు? నేను విమర్శించడానికి అడగట్లేదు. చదరంగంలో ఏళ్ళు గడిపినవాణ్ణి, ఇక్కడికి రావాలా వద్దా అని నిజంగా ఆలోచిస్తున్నాను.

గణితప్రియ:

సరళరేఖ గారూ, మీరు చెప్పింది నిజమే, రెండు భాగాలూ నిజమే. కానీ ‘గెలుపు ఉంది’ అన్నది వేరు, ‘గెలుపు ఎలాగో తెలుసు’ అన్నది వేరు. హెక్స్‌లో ఈ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువ. నన్ను ఈ ఆటకి కట్టిపడేసింది అదే.

మొదటివాళ్ళకి గెలుపు ఉందని గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ నిరూపించిన తీరు చూడండి. రెండో ఆటగాడికి తప్పక గెలిచే పద్ధతి ఒకటి ఉందని కాసేపు ఒప్పుకుందాం. మొదటి ఆటగాడు ఎక్కడో ఒకచోట కాయ పెట్టేసి, దాన్ని మర్చిపోయినట్టు ఉండి, ఇక తనే రెండోవాడినన్నట్టు ఆ పద్ధతినే వాడతాడు. ఎప్పుడైనా ఆ పద్ధతి మొదటి కాయ ఉన్న గడిలోనే పెట్టమంటే, అక్కడ ఆల్‌రెడీ తన కాయే ఉంది కాబట్టి ఇంకెక్కడైనా పెడతాడు. హెక్స్‌లో ఒక కాయ ఎక్కువుండటం వల్ల ఎప్పటికీ నష్టం లేదు. అంటే ఇప్పుడు మొదటివాడూ గెలవాలి, రెండోవాడూ గెలవాలి. అది కుదరదు. కాబట్టి రెండోవాడికి అలాంటి పద్ధతి లేదు. డ్రా కూడా లేదు. ఇక మిగిలింది మొదటివాడి గెలుపే.

ఇంత నిరూపించి కూడా ఏ గడిలో పెట్టాలో ఒక్క ముక్క చెప్పలేదు చూశారా! దాన్ని వెతకడం ఎంత కష్టమో కంప్యూటర్ శాస్త్రం కూడా తేల్చింది. సాధారణ బోర్డులో ఎవరు గెలుస్తారో తేల్చే సమస్య అతి కఠినమైన తరగతికి చెందుతుందని 1981లో ష్టెఫాన్ రైష్ చూపించారు. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేసి 2013 నాటికి 9×9 బోర్డులో ప్రతి ప్రారంభానికీ ఫలితం తేల్చారు. 81 గడులకే అంత పని పట్టింది. మీరు ఆడబోయేది 121 గడులు.

సరళరేఖ:

వివరణకి ధన్యవాదాలు. కానీ ‘డ్రా లేదు’ అన్నది ఒక్క వాక్యంలో దాటేశారు. నా సందేహమంతా అక్కడే. ఇద్దరూ ఒకరినొకరు పూర్తిగా అడ్డుకుని, బోర్డు నిండిపోయి, ఎవరి గొలుసూ పూర్తి కాకుండా ఎందుకు ఉండకూడదు?

గణితప్రియ:

దీనికి ఒక పెన్సిల్ తీసుకోండి. నిజంగా తీసుకోండి, చదివితే రాదు, గీస్తేనే వస్తుంది.

బోర్డు మొత్తం మీ ఇష్టం వచ్చినట్టు ఎరుపు, నీలం కాయలతో నింపేయండి. అంచులకి కూడా రంగులు వేయండి. ఇప్పుడు ఎరుపంచు, నీలపంచు కలిసే ఒక మూల దగ్గర పెన్సిల్ పెట్టి, గడుల మధ్య గీతల మీద నడవండి. ఒకటే షరతు: ఒక చేతివైపు ఎప్పుడూ ఎరుపు, రెండో చేతివైపు ఎప్పుడూ నీలం ఉండాలి. కాస్త నడవగానే మూడు గడులు కలిసే కూడలి వస్తుంది. మీకు అటూ ఇటూ ఉన్న రెండు గడులు ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఎదురుగా ఉన్న మూడోది ఎరుపైతే నీలం వైపుకి తిరగాలి, నీలమైతే ఎరుపు వైపుకి తిరగాలి. ఎప్పుడైనా ఒకటే దారి. ఆగిపోవడం ఉండదు, దారి రెండుగా చీలడం ఉండదు, నడిచిన గీత మీదికి మళ్ళీ రావడం కూడా ఉండదు. గీతలు లెక్కకి లోబడినవి. కాబట్టి ఎక్కడో ఒకచోట బయటపడాలి. అది ఇంకో మూల దగ్గరే. అలా బయటపడ్డాక వెనక్కి తిరిగి చూడండి. మీ దారికి ఒక పక్కన ఒకే రంగు కాయలు అంచు నుంచి అంచుకి వరసగా ఉంటాయి.

చదరపు గడులైతే ఇది పనిచేయదు. అక్కడ కూడలి దగ్గర నాలుగు గడులు కలుస్తాయి. ఎరుపు ఎదురెదురు మూలల్లో, నీలం మిగతా రెండు మూలల్లో ఉంటే ఇద్దరూ ఒకరికొకరు అడ్డమవుతారు. ఆరు కోణాలు ఉన్నది అందం కోసం కాదు, ఆ కూడలిలో మూడే గడులు ఉండాలని.

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. ఒక పళ్ళెం లాంటి ప్రదేశంలోని ప్రతి బిందువునీ తెగకుండా, చిరగకుండా అదే పళ్ళెంలోకి కదిపితే, కదలని బిందువు కనీసం ఒకటి ఉంటుందని బ్రౌవర్ సిద్ధాంతం. హెక్స్‌లో డ్రా లేదన్న సంగతి నుంచి ఆ సిద్ధాంతాన్ని రాబట్టవచ్చని, తిరిగి ఆ సిద్ధాంతం నుంచి ఇదీ రాబట్టవచ్చని డేవిడ్ గేల్ 1979లో చూపించారు. కాయలు పెట్టుకునే ఆట లోపల అంత పెద్ద గణితం దాక్కుని ఉందని మొదటిసారి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సరళరేఖ:

గీశాను. 5×5 బోర్డు మీద మూడుసార్లు, మూడు రకాలుగా నింపి గీశాను. మూడుసార్లూ బయటపడింది. ఒప్పుకుంటున్నాను.

పాతకాగితం:

ఇక్కడ నాష్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. చాలామంది ఈ ఆట ఆయనదే అనుకుంటారు. ముందు కనిపెట్టింది డెన్మార్క్‌కి చెందిన పీట్ హైన్. 1942 డిసెంబరులో పొలిటికెన్ అనే దినపత్రికలో ‘పాలిగాన్’ అన్న పేరుతో అచ్చయింది. అప్పట్లో అచ్చేసిన కాగితాల మీద పెన్సిల్‌తో ఆడేవాళ్ళు. కాయలు కదలవు, తీసేసేది లేదు కాబట్టి కాగితం చాలు. నాష్ 1948లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విడిగా ఇదే ఆటకి చేరుకున్నారు. అక్కడి విద్యార్థులు దాన్ని ఆయన పేరుతోనే పిలిచేవాళ్ళు. 1952లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ‘హెక్స్’ పేరుతో అమ్మకానికి పెట్టింది. 1957లో మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాశాక లోకమంతా తెలిసింది. పీట్ హైన్ పేరు ముందు చెప్పకపోతే నాకు వెలితిగా ఉంటుంది.

బోర్డు సైజు గురించి కూడా. 11×11 అలవాటైన సైజు. నాష్‌కి 14×14 నచ్చేదట. కొత్తవాళ్ళు మాత్రం చిన్న బోర్డుతో మొదలుపెడితే మేలు. 3×3 మధ్యలో బి2 పెట్టి చూడండి. పైన బి1, సి1. కింద ఎ3, బి3. పైన ఒకటి మూస్తే రెండోది మీది, కింద ఒకటి మూస్తే రెండోది మీది. ఒక్క కాయతో ఆట గెలిచేశారు. వంతెన అంటే ఏంటో చేతికి తెలియడానికి దీన్ని మించింది లేదు.

మెట్టుమెట్టు:

నీలికాయ గారి ఆట చూస్తే నేను నిరుడు ఓడిన ఆట గుర్తొచ్చింది. అది నిచ్చెన గురించి, అంటే అంచు పక్కనే ఒకరు బెదిరిస్తూ, ఇంకొకరు మూస్తూ వరసగా సాగే ఎత్తులు. ఇక్కడ ఎవరూ దాని మాట ఎత్తలేదు కాబట్టి చెబుతాను.

నేను ఎరుపు. కిందంచు దగ్గర బి11 అప్పటికే నీలం. నేను సి10 లో పెట్టాను, సి11 లోకి దిగుతానని బెదిరింపు. వాళ్ళు సి11 మూశారు. డి10 పెట్టాను, డి11 మూశారు. ఈ10, ఈ11. ఎఫ్10, ఎఫ్11. నా ప్రతి ఎత్తుకీ వాళ్ళకి ఒకటే జవాబు, తప్పించుకునే వీలు లేదు. నాకు చాలా బాగుంది, వాళ్ళని పరిగెత్తిస్తున్నాను అనుకున్నాను. జి10, జి11. హెచ్10, హెచ్11. తర్వాత ఐ10 వైపు చూస్తే అక్కడ నీలం కాయ. ఎప్పుడో ఆట మొదట్లో వాళ్ళు పెట్టింది, నేను అసలు పట్టించుకోలేదు. హెచ్11 ఐ10 కి ఆనుకుని ఉంటుంది. బి11 నుంచి ఐ10 దాకా వాళ్ళకి గోడ కట్టి ఇచ్చింది నేనే. ఆ బోర్డుని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

నిచ్చెన ఎక్కే ముందు చివర ఏముందో చూడాలి. ఐ10 లో నా కాయ ఉండి, దాని కింద ఐ11, హెచ్11 ఖాళీగా ఉంటే, హెచ్10 కి చేరగానే గెలుపు నాదే. అలాంటి కాయ లేకపోతే ముందు దాన్ని సంపాదించాలి. అదీ ఊరికే పెడితే వాళ్ళు నిచ్చెన మొదట్లోనే మూసేస్తారు. అందుకని ఇంకోచోట కూడా బెదిరింపు అయ్యేలా పెట్టాలి. వాళ్ళు ఆ బెదిరింపుకి జవాబిస్తారు, మనకి నిచ్చెన చివర కాయ మిగిలిపోతుంది. పాతవాళ్ళ ఆటలు చూస్తుంటే మధ్యలో అర్థం కాని కాయలు కనబడతాయి చూడండి, వాటిలో చాలావరకు ఇవే.

నీలికాయ:

మెట్టుమెట్టు గారూ, మీ బాధ అర్థమైంది. నాకు కూడా బెదిరిస్తూ పోతుంటే గెలుస్తున్నట్టే అనిపిస్తుంది. నిన్నటి ఆటలో వాళ్ళు నన్ను అలాగే అనుకోనిచ్చారేమో.

తీగలగూడు:

నేను ఆటకంటే ప్రోగ్రామింగ్ వైపు నుంచి వచ్చాను, ఒక చిన్న విషయం పంచుకుంటాను. ఎవరు గెలిచారో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందని ఆలోచించారా? ప్రతి కాయనీ ఒక గుంపుగా అనుకోవాలి. కొత్త కాయ పెట్టగానే పక్కనున్న ఆరు గడుల్లో అదే రంగు ఉంటే ఆ గుంపులన్నీ ఒకటైపోతాయి. పైఅంచుని, కిందంచుని కూడా రెండు పెద్ద ఎరుపు కాయల్లా లెక్కించాలి. ఆ రెండూ ఒకే గుంపులోకి వచ్చిన క్షణం ఎరుపు గెలిచింది. పేజీ కూడా పట్టని కోడ్. ఇది రాసిన తర్వాత నా ఆట మారింది. అప్పటిదాకా అంచుని గీతలా చూసేవాణ్ణి, ఇప్పుడు అది ఎప్పుడూ నా పక్షాన ఉన్న పెద్ద కాయలా కనబడుతుంది.

1950లలో క్లాడ్ షానన్ అనే శాస్త్రవేత్త హెక్స్‌ని కోడ్ లేకుండా విద్యుత్ నిరోధకాల వలతో ఆడించారు. కాయలు విద్యుత్ పీడనాన్ని మార్చేవి, యంత్రం ఆ వలలో కీలకమైన బిందువుని వెతికి అక్కడ ఆడేది. దారులు ఎక్కడ ఇరుకవుతున్నాయో కరెంటుకి ముందే తెలుస్తుంది! దూరపుచూపు గారు చెప్పింది కూడా దాదాపు ఇదే కదా.

ఒక జాగ్రత్త కూడా. బోర్డు రెండు వైపులా సమానంగా లేకపోతే, ఉదాహరణకి 7×8 అయితే, తక్కువ దూరం కలపాల్సినవాళ్ళు రెండో ఎత్తు ఆడినా తప్పక గెలుస్తారు. ప్రతి గడికీ జత గడి ఒకటి ఉంటుంది, అవతలివాళ్ళు ఒకటి తీసుకుంటే జత తీసుకోవడమే పని. ఎవరైనా అలాంటి బోర్డు మీద పందానికి పిలిస్తే కొలిచి చూసుకోండి.

దూరపుచూపు:

తీగలగూడు గారూ, కరెంటు పోలిక నాకు చాలా నచ్చింది. అదే ఆలోచనని నీలికాయ గారి కోసం ఒక్క ఆకారం మీద పూర్తిగా చూపిస్తాను. దీన్ని నేర్చుకుంటే సగం ఆటలు నిలబడతాయి.

ఎరుపు కాయ ఒకటి ఈ9 లో ఉంది, కిందంచు నుంచి మూడో వరస. చుట్టూ ఈ ఎనిమిది గడులు ఖాళీ: దాని పక్కన ఎఫ్9. కింద డి10, ఈ10, ఎఫ్10. ఆ కింద సి11, డి11, ఈ11, ఎఫ్11. ఎత్తు నీలానిది. నీలం ఈ కాయని కిందంచుకి చేరకుండా ఆపగలదా?

ఆపలేదు. ఎందుకో చూడండి. ఎరుపుకి రెండు దారులున్నాయి. మొదటిది డి10 లోకి దిగడం. దాని కింద సి11, డి11 రెండూ ఖాళీ కాబట్టి అంచు అందినట్టే. ఈ దారికి కావలసినవి మూడే గడులు: డి10, సి11, డి11. రెండోది ఎఫ్10 కి వంతెన. మధ్యలో ఎఫ్9, ఈ10. కింద ఎఫ్11, ఈ11. దీనికి కావలసినవి అయిదు గడులు. మొదటి మూడింటినీ ఈ అయిదింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క గడి కూడా రెండింట్లోనూ లేదు. నీలం ఎక్కడ పెట్టినా ఒక దారే చెడుతుంది.

అడ్డుకోవాలనుకున్నప్పుడు ఇదే తిరగేసి చేయాలి. అవతలివాళ్ళ దారులన్నీ మనసులో గీసి, అన్నింట్లోనూ ఉన్న గడులు ఏవో చూడాలి. అడ్డం అక్కడే పనిచేస్తుంది. అలాంటి గడి ఒక్కటీ లేదంటే ఆ వైపు పోయింది, ఇంకోవైపు చూడాలి. మీరు బి11 పెట్టినప్పుడు కింద ఆట ఎప్పుడో అయిపోయింది, ఆ ఎత్తు పైన వాడి ఉంటే ఏదో ఒక పోరాటం ఉండేది.

మూలగడి:

దూరపుచూపు గారు చెప్పినదానికి చిన్న చేర్పు. నాలుగో వరసలోని ఒంటరి కాయ కూడా అంచుకి చేరుతుంది, కాకపోతే దానికి అటూ ఇటూ చాలా ఖాళీ కావాలి. పక్కన ఒక్క నీలం కాయ ఉన్నా లెక్క మారిపోతుంది. మూడో వరసది మాత్రం కళ్ళు మూసుకుని నమ్మొచ్చు, ఆ ఎనిమిది గడులూ ఖాళీ అయితేనే. ఆడే ముందు వేలు పెట్టి ఎనిమిదీ లెక్కపెట్టండి. నేను ఇప్పటికీ లెక్కపెడతాను.

నీలికాయ:

నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. మీరందరూ రాసింది నోట్‌బుక్‌లో గీసుకుని, రోజూ 7×7 మీద ఆడాను. నిన్న రాత్రి మళ్ళీ 11×11.

అవతలివారు మధ్యలో మొదలుపెట్టారు. ఈసారి రంగు మార్చుకున్నాను. అంటే నేను ఎరుపు. ఆట మధ్యలో నా గొలుసు పైనుంచి ఈ9 దాకా వచ్చింది. చెయ్యి వణికింది. మూలగడి గారు చెప్పినట్టు వేలు పెట్టి ఎనిమిది గడులూ లెక్కపెట్టాను. ఖాళీ. వాళ్ళు డి11 లో పెట్టారు. మొదటి దారి పోయింది. ఎఫ్10 పెట్టాను. వాళ్ళు ఈ10 లో దూరారు, నేను ఎఫ్9. వాళ్ళు ఈ11, నేను ఎఫ్11. గెలిచాను.

గెలిచినదానికంటే ఇంకొకటి ఎక్కువ సంతోషం ఇచ్చింది. వాళ్ళు డి11 పెట్టినప్పుడు నాకు టెన్షన్ రాలేదు. నా దారిలో అడ్డం వచ్చినా, ఎఫ్10 అప్పటికే కనబడుతోంది.

ఒక ప్రశ్న మిగిలింది. పైవైపు వాళ్ళు నాకు నిచ్చెన మొదలుపెట్టబోయి మధ్యలో ఆపేశారు, జె2 దగ్గర నా కాయ చూసి అనుకుంటాను. నిజానికి ఆ జె2 వేరే పని కోసం పెట్టింది. దాన్ని నిచ్చెనకి కావాలనే పెట్టడం ఎలా నేర్చుకోవాలి?

మెట్టుమెట్టు:

ముందుగా అభినందనలు! జె2 చుట్టూ ఏమేం ఉన్నాయో మొత్తం బోర్డు రాసి పెట్టండి. జె2 పెట్టినప్పుడు వాళ్ళు వెంటనే ఎక్కడ జవాబిచ్చారో కూడా రాయండి. జవాబిచ్చి ఉంటే అది బెదిరింపుగా పనిచేసినట్టే. అక్కణ్ణుంచి చూద్దాం.

సరళరేఖ:

నేను కూడా ఆ ఆట చూస్తాను. ఇంకా 5×5 మీదే ఉన్నాను కానీ స్వాప్ ఎక్కడ చేయాలో, ఎక్కడ చేయకూడదో ఆ బోర్డులోని 25 గడులకీ నాకు నేనే తేల్చుకుందామని కూర్చున్నాను. పదకొండు అయ్యాయి. గణితప్రియ గారూ, అయ్యాక ఒకసారి సరిచూస్తారా?

గణితప్రియ:

తప్పకుండా. బోర్డుని మధ్య చుట్టూ సగం తిప్పి చూడండి. ఎ1 కి వచ్చిన జవాబే ఈ5 కీ వస్తుంది, బి1 దే డి5 కీ. కాబట్టి 25 కాదు, మధ్య గడితో కలిపి 13 తేలిస్తే చాలు. మీ పదకొండులో ఇలా తిప్పితే ఒకటయ్యే జతలు ఉన్నాయేమో ముందు చూసుకోండి.